టమాటా నారు అనే లైవ్ ప్రాజెక్ట్

అమీర్‌పేటలో నా పేరు తెలియనివాళ్లు తక్కువ. మైత్రీవనం దాటి మా సందులోకి తిరిగితే ఎర్రక్షరాలతో ‘ఛాయా ఇన్ఫోటెక్’ అనే బోర్డు కనిపిస్తుంది. ఆ ఛాయను నేనే. అసలు పేరు ఛాయాదేవి. బోర్డు మీద చోటు చాలలేదని మా ఆయన ‘దేవి’ని తీసేయించి ఆ జాగాలో ‘జావా’ అని రాయించారు.

మా ఆయన హనుమత్ప్రసాద్ గారు అంతకుముందు పంజాగుట్టలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని జనాన్ని భయపెట్టి కోబాల్ నేర్పించారు. ఆ సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆయనా ఆగలేదు, జావా మొదలుపెట్టారు. జావా ఆయనకు రాదు. రానిదాన్ని చెప్పడానికి మనుషులను పెట్టుకోవడం మాత్రం బాగా వచ్చు.

కోర్సులు పెరిగినకొద్దీ మా ఇల్లు తరిగిపోయింది. హాల్లోకి ఒరాకిల్ వచ్చింది. పడగ్గదిలో జావా పరుచుకుంది. మేమిద్దరం వంటింటి పక్క సామాన్ల కొట్టులోకి మారాం. చివరికి పూజగదిలో యూపీఎస్ పెట్టారు. దీపం వెలిగిస్తే బ్యాటరీలకు మంచిది కాదని దేవుళ్లను ఫ్రిజ్ మీదకు ఎక్కించారు. నేను ఎక్కడ కూర్చున్నా ఎవరో ఒక కుర్రాడు వచ్చి, “మేడం, ఇది సీ ప్లస్ ప్లస్ వాళ్ల కుర్చీ” అని మర్యాదగా లేపేవాడు. బయట బోర్డు నిండా నా పేరే, లోపల నాకు కుర్చీ లేదు.

ఇక మిగిలింది డాబా.

ఆ ఆషాఢంలో నాకు టమాటా నారు పోయాలన్న బుద్ధి పుట్టింది. నేనేమీ రైతుబిడ్డను కాను. మా నాన్న భీమవరంలో గుమాస్తా. మా పుట్టింట్లో తులసి తప్ప మరో మొక్క ఎరగను. కానీ ఒకరోజు ఎర్రగడ్డ రైతుబజారులో చిన్నచిన్న నాటు టమాటాలు దొరికాయి. వాటితో పప్పు చేసుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే ఆ పులుపుకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా మేం తింటున్నవి ఎర్రగా ఉండేవి, అంతే. మళ్లీ వెళ్లేసరికి ఆ కాయలూ లేవు, అమ్మిన మనిషీ లేడు. ఇంట్లో మిగిలిన కాయల గింజలు తీసి, బూడిదలో రుద్ది, పాత చీరముక్క మీద ఆరబెట్టాను. ఇప్పుడు నారు పోసుకుంటే వినాయక చవితికి నాటుకోవచ్చు, కార్తీకంలో కాయలు కోసుకోవచ్చు అని రేడియోలో రైతుల కార్యక్రమంలో చెప్పారు. సరేనని నడుం బిగించాను.

కొత్త మానిటర్లతో పాటు వచ్చిన థర్మోకోల్ అచ్చులు డాబా మీద గుట్టగా పడి ఉండేవి. వాటి అడుగున చిల్లులు పొడిచి, మట్టీ పశువుల ఎరువూ కలిపి నింపి, సగం గింజలు చల్లాను. మిగతా సగం చీరముక్కలోనే మూటకట్టి ఉప్పుజాడీ వెనక దాచాను. ఇన్ని బ్యాచ్‌లు వచ్చిపోయే ఇంట్లో ఉండేవాళ్లకు ఏదీ పూర్తిగా బయటపెట్టకూడదన్న జ్ఞానం దానంతట అదే వస్తుంది.

ఆయన ఏదో కొలుచుకోవడానికి టేపు పట్టుకుని డాబా ఎక్కారు.

“ఏంటిది?”

“టమాటా నారు.”

“ఇక్కడ షెడ్ వేయిస్తున్నాను కదా! పొద్దుటి జావా బ్యాచ్ మెట్ల మీద కూర్చుంటోంది. రేకులవాడికి చెప్పేశాను కూడా.”

“డాబా ఇవ్వనండీ” అన్నాను.

పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఆయనకు ఇవ్వనన్నది అదే మొదలు. ఆయన తప్పు విన్నానేమో అన్నట్టు చూశారు. నాకు కోపం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది. “ఈ ఇంట్లో నాకంటూ ఒక్క చోటు మిగల్చండి. దేవుళ్లకైనా ఫ్రిజ్ ఉంది, నాకు అదీ లేదు” అన్నాను.

ఆయన టేపు చుట్టేశారు. “సరే. వినాయక చవితి డెడ్‌లైన్. ఆ రోజుకు నీ నారు నాటడానికి పనికొచ్చేలా లేచిందా, డాబా నీది. లేవలేదా, షెడ్ లేస్తుంది” అన్నారు. బేరం కుదిరింది.

నారు లేచింది. నడుము వంచుకుని, నెత్తిన మట్టిపెళ్ల పెట్టుకుని ఒక్కో మొలకా పైకి వస్తుంటే నాకు పొద్దున కాఫీ తాగడం కూడా గుర్తుండేది కాదు. కొంచెం ఒత్తుగా చల్లినట్టున్నాను, జానెడు జాగాలో తిరునాళ్ల జనంలా ఇరుక్కుని నిలబడ్డాయి. అయినా నా నారు నాకు ముద్దు. 

సరిగ్గా అప్పుడే వచ్చిపడింది లైవ్ ప్రాజెక్ట్ గొడవ. మా కరపత్రాల మీద ‘నూటికి నూరుపాళ్లు ప్లేస్‌మెంట్, రియల్ టైమ్ ఫ్యాకల్టీ, లైవ్ ప్రాజెక్ట్’ అని ఉంటుంది. అమీర్‌పేటలో అందరూ అలాగే వేయిస్తారు. అవి ఎక్కడున్నాయని అడగడం ఆనవాయితీ కాదు. మా ఖర్మకు దుర్గేష్ అడిగాడు. సిద్దిపేట నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో అద్దెగదిలో ఉంటూ చదువుకుంటున్న కుర్రాడు. నేను ఫ్యాకల్టీకి టీ పట్టుకెళ్లేసరికి కరపత్రం పట్టుకుని క్లాసు మధ్యలో, ఫీజుల పని మీద వచ్చిన మా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నాడు.

“సార్, గీడ లైవ్ ప్రాజెక్ట్ అని రాసిండ్రు. మేం జాయినైనప్పటి సంది చూస్తున్నం. అదేడున్నది సార్?”

క్లాసంతా తలలూపింది. మా ఆయన గోడ వైపు చూశారు, కిటికీ వైపు చూశారు, చివరికి తలెత్తి పైకప్పు వైపు చూశారు.

“పైనుంది” అన్నారు.

ఆ విధంగా నా టమాటా నారు ‘నర్సరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్’ అయింది. లైవ్ ప్రాజెక్ట్ అంటే నిజమైన కంపెనీకి చేసే నిజమైన పని అని వాళ్ల భాషలో అర్థమట. నాకు మాత్రం ప్రాణమున్నది అని అర్థమైంది. నా మొక్కలకు ప్రాణముందని మా ఆయన నలుగురిలో ఒప్పుకున్నందుకు మొదట్లో నేనూ సంబరపడ్డాను.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రెండాకులు దాటి మూడో ఆకు కూడా తొడగని నారుకు టీం లీడర్, మాడ్యూల్ లీడర్లు, టెస్టర్లు పుట్టుకొచ్చారు. ఒకడు నా దగ్గరకు వచ్చి, ఈ ప్రాజెక్టుకు క్లయింట్‌ను నేనేనని నాకు చెప్పి, “మీ రిక్వైర్‌మెంట్ ఏంటి మేడం?” అని అడిగాడు.

“ఎండ, కాసిని నీళ్లు, మీరందరూ దూరంగా ఉండటం” అన్నాను.

మొదటి రెండూ రాసుకున్నాడు.

ఇంతలో మా చెల్లెలి కూతురి ఓణీల వేడుకకు నేను భీమవరం వెళ్లాల్సి వచ్చింది. నేను లేనప్పుడు జరిగినదంతా తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. మొక్కలకు నీళ్లు పోసినవాళ్లు ప్రోగ్రాంలో ‘ఎస్’ అని కొట్టాలి. పొద్దుటి బ్యాచ్‌ది ఒక కంప్యూటర్, మధ్యాహ్నం బ్యాచ్‌ది ఇంకోటి, సాయంత్రం బ్యాచ్‌ది మరోటి. వాటిని ఒకదానికొకటి కలపలేదు. కలపడం నెట్‌వర్కింగ్ కోర్సు కిందకు వస్తుంది, దానికి వేరే చేరాలి. అందుచేత ఏ బ్యాచ్ వచ్చి చూసినా తెర మీద ‘నో’ అనే ఉండేది. అందరూ భక్తిగా బకెట్లు మోసుకెళ్లి పోసేవాళ్లు. పైన ఆషాఢం వాన ఎలాగూ ఉంది. నారు పోసినవాడు నీరు పోయడా అంటారు పెద్దలు. ఇక్కడ నారు పోసింది నేనొక్కదాన్ని, నీరు పోసింది ఇన్‌స్టిట్యూట్ మొత్తం.

నేను ఊరి నుంచి వచ్చి, సంచీ అయినా దించకుండా డాబా ఎక్కాను. నారు మొదళ్లు నల్లబడి, దారాల్లా సన్నబడి, వరసలు వరసలుగా పడిపోయి ఉంది. ఆ బురద పక్కన దుర్గేష్ గొంతుక్కూర్చుని, మిగిలిన ఒక మొక్కను రెండు వేళ్లతో ఎత్తి వెలుతురులో చూస్తున్నాడు.

“ఏం చేస్తున్నావు నాయనా?”

“టెస్టింగ్ మేడం. వేర్లు వచ్చినయా లేదా అని పొద్దుమాపు ఒక్కొక్కటి పీకి చూస్తున్న. స్టేటస్ ఎంటర్ చేసి మల్ల అండ్లనే పెడుతున్న.”

“పీకితే చచ్చిపోవూ?”

“పీకకుంటే బతికున్నయని ఎట్ల తెలుస్తది మేడం?”

ఆ మొక్కను వాడి వేళ్ల మధ్య నుంచి తీసుకున్నాను.

ఎవరు ఇన్నిన్ని నీళ్లు పోశారని ప్రతి బ్యాచ్‌నూ నిలబెట్టి అడిగాను. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. మా ఆయన అయితే అసలు చలించలేదు. ప్రపంచంలో సగం ప్రాజెక్టులు ఫెయిలే అవుతాయట, అమెరికాలో కూడా అంతేనట. “రేపే ఇనప కడ్డీలు దింపిస్తున్నాను” అన్నారు.

“చవితికి ఇంకా బోలెడు రోజులున్నాయి కదండీ! మాటిచ్చారు.”

“డెడ్‌లైన్ ప్రీపోన్ అయింది” అన్నారు.

నీళ్లట్యాంకు చాటున కూర్చుని ఏడ్చాను. సిగ్గుపడను, బాగానే ఏడ్చాను. మొక్కల కోసం కొంత, ఆ ‘ప్రీపోన్’ అన్న మాట కోసం కొంత.

పిట్టగోడ అవతల నుంచి ఖుర్షీదా నన్ను చూసింది. మా డాబా, వాళ్ల డాబా పక్కపక్కనే. చెయ్యి చాస్తే గిన్నె అందుతుంది. మా ఇన్‌స్టిట్యూట్ నోట్సులన్నీ జిరాక్స్ తీసేది ఆమె భర్త బాబూ మియానే.

“ఏమైంది భాభీ? గంతగనం ఏడుస్తున్నవ్?”

చెప్పాను.

“గింజలు ఇంకేమన్న మిగిలినయా?”

“సగం ఉన్నాయి.”

“మరి ఫికర్ దేనికి? మా డాబా మీద పెట్టు. ఈడికి ఏ కంప్యూటరోడు సుత రాడు. మా మియాకు మొక్క దొరికితే దాన్ని సుత జిరాక్స్ తీస్తడేమో గాని, పీకడు.”

ఏడుస్తూనే నవ్వాను. ఆ సాయంత్రమే పాత నూనె డబ్బాను అడ్డంగా కోయించి, మట్టి నింపి, ఈసారి పలచగా చల్లాం. వానదెబ్బ తగలకుండా పైన ఆమె పాత పరదా ఒకటి కట్టాం. ఖుర్షీదా షరతు ఒక్కటే పెట్టింది. “నీళ్లు నేనే పోస్త. నువ్వు ఊరికే చూడు. ఇద్దరం పోస్తే మల్ల మీ ఇన్‌స్టిట్యూటే అయితది.” ఒప్పుకున్నాను. శ్రావణమంతా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, నా నారును పరాయివాళ్ల పిల్లను చూసినట్టు చూసుకున్నాను.

మా డాబా మీద మాత్రం కడ్డీల గుట్ట పెరిగింది. చవితి ముందు రోజున సోమాజిగూడలోని ఒక కంపెనీ నుంచి మంజూష అనే హెచ్చార్ ఆవిడ పిల్లలను ఎంపిక చేయడానికి వస్తానంది. వస్తూ, “మీ కరపత్రంలో రాశారే, ఆ లైవ్ ప్రాజెక్ట్ కూడా చూస్తాను” అని ఫోనులో చెప్పింది. ఆయన ఫోను పెట్టేసి, కరపత్రం తీసి ఆ మాట మళ్లీ చదువుకున్నారు.

ఇక్కడ మా అమీర్‌పేట పద్ధతి ఒకటి చెప్పాలి. కోర్సు ముగించిన కుర్రాడిని ఫ్రెషర్ అంటే ఎవరూ తీసుకోరు. అందుకని వాడికి మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెడతారు. పెట్టడం అనే అంటారు, పెళ్లికూతురికి బొట్టు పెట్టినంత తేలిగ్గా. నిన్నటిదాకా యూసుఫ్‌గూడ దాటనివాడు ఇవాళ బెంగుళూరులో మూడేళ్లు పనిచేసి వచ్చినవాడవుతాడు. మా ఆయనది ఆ విద్యలో అందెవేసిన చెయ్యి. ఆయన నారుకు కూడా ఎక్స్‌పీరియన్స్ పెట్టారు.

మంజూష వచ్చే రోజు పొద్దున్నే ఆటోలో కుండీలు దిగాయి, నిండుగా ఎదిగిన మొక్కలతో. ఇంకో సంచిలో ఎర్రటి టమాటాలు. నేను డాబా ఎక్కేసరికి ఆయనా, దుర్గేషూ నా పూలదారం ఉండ విప్పుకుని, కాయలను ఒక్కొక్కటిగా కొమ్మలకు కడుతున్నారు.

“ఏమండీ, ఇవి వంకాయ మొక్కలు.”

“టమాటావి దొరకలేదు. ఆకు ఆకే కదా, హెచ్చార్ వాళ్లకేం తెలుస్తుంది? నువ్వు మాత్రం నోరు విప్పకు. నవ్వుతూ నిలబడు, చాలు. ఇవాళ నలుగురికి ఉద్యోగాలొచ్చాయంటే జావా బ్యాచ్ కిటకిటలాడుతుంది. చవితి వెళ్లగానే షెడ్ లేపేయొచ్చు.”

నోరు మూసుకుంటే నా డాబా పోతుంది. తెరిస్తే బోర్డు మీదున్న నా పేరే పోతుంది, దాంతోపాటు ఈ పిల్లల ఉద్యోగాలూ పోతాయి. అంత ఇరకాటంలో ఎప్పుడూ పడలేదు నేను. నవ్వమన్నారు కాబట్టి పళ్లు బిగించి నవ్వుతూ నిలబడ్డాను.

మంజూష వచ్చింది. నూలుచీర, చేతిలో సెల్‌ఫోను, చురుకైన కళ్లు. దుర్గేష్ కంప్యూటర్ ముందు కూర్చుని, “ఈ స్క్రీన్ల నీళ్లు మేడం, ఈ స్క్రీన్ల ఎరువు, ఈ స్క్రీన్ల కాపు” అని గడగడా చూపించాడు. అన్నిటికీ ‘ఎస్’ అని ఉంది. తర్వాత అందరం డాబా ఎక్కాం. కుండీలు వరసగా, కాయలు ఎర్రగా, మా ఆయన ముఖం మతాబాలా వెలిగిపోతూ ఉంది. ఆవిడ తల పంకిస్తూ ఒక కుండీ దగ్గరకు వంగింది.

సరిగ్గా అప్పుడు ఖుర్షీదా బట్టలారేయడానికి వాళ్ల డాబా మీదకు వచ్చింది.

“యా అల్లా! భాభీ, బైంగన్ చెట్టుకు టమాటాలెట్ల కాసినయ్?”

మంజూష ఒక కాయను మెల్లగా లాగింది. కాయ వచ్చింది, దాంతో పాటు దారమూ వచ్చింది.

“అది... హైబ్రిడ్ మేడం” అన్నారు మా ఆయన.

ఆవిడ నా వైపు తిరిగింది. “బోర్డు మీద పేరు మీదేనా?”

“నాదే.”

“మీరు చెప్పండి. ఇవి టమాటా మొక్కలేనా?”

మా ఆయన నా వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. పెళ్లిచూపుల్లో కూడా అంత దీనంగా చూడలేదు. జాలి వేసింది. కానీ ఆయన వెనకే ఆ కడ్డీల గుట్ట కనిపించింది. “కావండీ. మొక్కలు వంకాయవి, కాయలు బజారువి, దారం నాది. నిజమైన నారు అదిగో, ఆ పరదా కింద ఉంది” అన్నాను.

ఇక ఇన్‌స్టిట్యూట్‌కు తాళం పడ్డట్టే అనుకున్నాను. మంజూష ఆ దారాన్ని వేళ్ల మధ్య తిప్పి తిప్పి చూసింది.

“ఈ ముడి ఎవరు వేశారు?”

దుర్గేష్ చెయ్యెత్తాడు. “నేనే మేడం. తప్పయింది.”

“తప్పేంటి? ఇంత దగ్గరకు వచ్చినా ముడి కనపడలేదు నాకు. మా ఆఫీసులో నడుస్తున్నది ఇదే పని బాబూ. చెట్టొకటి, కాయొకటి, క్లయింట్‌కు మాత్రం తోట చూపించాలి. కట్టేవాళ్లు దొరక్క చస్తున్నాం. సోమవారం వచ్చి చేరు.” తర్వాత మా ఆయన వైపు తిరిగింది. “ప్రసాద్ గారూ, దీపావళి వెళ్లాక మా క్లయింట్ వస్తున్నాడు. ఆయనకు తోటల పిచ్చి. మా దగ్గర చూపించడానికి ఇంకేం లేదు, మీ లైవ్ ప్రాజెక్ట్‌కే తీసుకొస్తాను. అప్పుడు మాత్రం నిజం కాయలే ఉండాలి. ఆయన కొరికి చూసే రకం. ఆయన మెచ్చుకుంటే మీ బ్యాచ్ మొత్తాన్నీ తీసుకుంటాం.”

ఆవిడ కారెక్కి వెళ్లిపోయింది. దుర్గేష్ సంతోషం పట్టలేక నా కాళ్లకు దండం పెట్టి, దారం ఉండ నా చేతిలో పెట్టాడు.

కాసేపటికి మా ఆయన వంటింట్లోకి వచ్చారు. ఏ పనీ లేకుండా ఆయన వంటింట్లోకి రావడం నేను ఎరగను. మూకుడు మీద మూత తీసి చూసి, మళ్లీ పెట్టారు.

“ఛాయా, ఆ నారు...”

“ఏ నారండీ?”

“అదే, ఖుర్షీదా గారి డాబా మీది.”

“అది ఫ్రెషర్ అండీ. దానికి ఎక్స్‌పీరియన్స్ లేదు.”

ఆయన తల దించుకున్నారు. నేను వంకాయలు తరుగుతున్నాను. టమాటాలు కట్టేముందు ఆ మొక్కల నుంచి కోసేసిన అసలు కాపు అది. సగం ఖుర్షీదాకు ఇచ్చేశాను.

“డాబా నీదే. షెడ్ వేయను” అన్నారు చివరికి.

“ఆ మాట ఆషాఢంలోనే అన్నారు. పూజగది కూడా కావాలి.”

“మరి యూపీఎస్ ఎక్కడ పెట్టను?”

“ఫ్రిజ్ మీద పెట్టండి.”

చవితి మర్నాడు నేనూ ఖుర్షీదా కలిసి మా డాబా మీద కుండీల్లో నారు నాటాం. షెడ్ కోసం తెచ్చిన ఇనప కడ్డీలు ఒక్కో మొక్క పక్కనా ఒక్కోటి ఊతంగా పాతించాను. వంగమొక్కల నుంచి విప్పిన పూలదారం ఉంది కదా, దానితోనే మొక్కలను కడ్డీలకు వదులుగా కట్టాను. ఒరాకిల్ క్లాసులో నుంచి ఒక కుర్చీ తెచ్చి డాబా మీద వేసుకున్నాను. నన్ను లేపడానికి ఏ బ్యాచ్ కుర్రాడూ రాలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున్నే మా ఆయన నా కంటే ముందు డాబా ఎక్కుతున్నారు. చెంబు పట్టుకుని నిలబడతారు. నీళ్లు పొయ్యాలా వద్దా అని నన్ను అడిగి గానీ వంచరు.

“ఇంకా పూతయినా రాలేదేంటి ఛాయా? దీపావళి వచ్చేస్తోంది” అన్నారు నిన్న.

“దారంతో అయితే ఇవాళే కాస్తాయండీ. వేరుతో కాయాలంటే కార్తీకం రావాలి” అన్నాను.

ఆయన ఓపిక పట్టినట్టే కాసేపు కూర్చున్నారు. తర్వాత చెయ్యి మెల్లగా ఒక మొక్క మొదలు దగ్గరకు వెళ్లింది.

“వేరు పట్టిందో లేదో ఒక్కసారి చూసి మళ్లీ పెట్టేయనా?”

కుర్చీలో నుంచి లేవకుండానే ఆ చేతి మీద ఒక్కటి వేశాను.